కాంట్రాక్టరుతో కలిసి పని: 3వ పాఠం – మూసేసే పనులు, వాయిదా డబ్బులు

కిందటి పాఠంలో గదుల వారీగా పనుల జాబితా, కొలతలు రాసుకున్నాం. ఇప్పుడు ఆ జాబితాకు డబ్బు ముడిపెడదాం.

కాంట్రాక్టరుతో తగాదా చాలావరకు డబ్బు ఎప్పుడివ్వాలన్న దగ్గరే మొదలవుతుంది. తేదీల లెక్కన వాయిదాలు పెట్టుకుంటే పని వెనకబడినా డబ్బు ముందుకు పోతుంది. అలాగని పూర్తయిన పనికి డబ్బు ఆపితే, కూలి ఇవ్వలేక ఆయన మనుషుల్ని వేరే సైటుకు పంపేస్తాడు. అందుకే వాయిదా ఒక్కోటీ ఇద్దరూ కళ్లారా చూసి తేల్చుకోగల దశకు కట్టాలి.

స్నానాల గదినే తీసుకోండి. పాత టైల్స్ కొట్టి చెత్త ఎత్తేయడం, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, ఫిట్టింగులు: ఇవీ దశలు. వీటిలో రెండోదీ మూడోదీ తర్వాత కంటికి కనపడవు. పరీక్షంతా అక్కడే పెట్టాలి.

గోడ పూడ్చకముందే నీటి పైపుల చివరలు బిగించి, ఒత్తిడి చూపే గేజి ఉన్న చేతిపంపుతో నీటి ఒత్తిడిని మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించమనండి. గేజి ముల్లు దిగజారితే ఎక్కడో జాయింటు కారుతున్నట్టే. పైపుల పక్కన టేపు పెట్టి, నేల నుంచీ మూల నుంచీ ఎంత దూరమో కనిపించేలా ఫొటో తీయండి. రేపు అద్దానికి మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోయే దిక్కు.

వాటర్‌ప్రూఫింగ్ పూత డబ్బా మీద రాసినంత సేపు ఆరాక, నీళ్లు పోయే రంధ్రం మూసి, గుమ్మం దగ్గర చిన్న కట్ట కట్టి, అంగుళం నీళ్లు నిలపండి. గోడ మీద మట్టం గీత పెట్టి 24 నుంచి 48 గంటలు వదిలేయండి. ఆవిరయ్యేది కొంచెమే, మట్టం బాగా దిగినా, కింది గది కప్పు చెమ్మగిల్లినా టైల్స్ మొదలుపెట్టకూడదు. ఈ రెండు రోజులు మిగుల్చుకుందామని తొందరపడితే, తర్వాత కారేది పూతలోనో పైపులోనో తెలియదు. టైల్స్ పగలగొట్టిన ఖర్చు ఎవరిదన్న గొడవతో అప్పటిదాకా ఉన్న మంచి కాస్తా పోతుంది.

పరీక్ష నెగ్గిందా, ఆ దశ డబ్బు ఆ రోజే ఇచ్చేయండి. ఆయన మీ మాట నమ్మేది దీంతోనే.

ఇక "ఎలాగూ పని జరుగుతోందిగా, ఇదొకటి చేసెయ్యండి" అన్న మాట. దాన్ని మేస్త్రీకో ప్లంబరుకో కాదు, కాంట్రాక్టరుకే చెప్పండి. ఏం మారుతుంది, ఎంత పెరుగుతుంది, పని ఎన్ని రోజులు వెనక్కి జరుగుతుంది: మూడూ ఒక మెసేజీలో రాసి, ఆయన "సరే" అన్నాకే పని మొదలవ్వాలి.

చివర్లో మిగిలే చిల్లర పనుల కోసం మొత్తంలో 5 నుంచి 10 శాతం ఆపుకోవడం మామూలే. అయితే అది ఒప్పందంలో మొదటే ఉండాలి, ఎప్పుడు ఇస్తారో కూడా ఉండాలి. చెప్పకుండా ఆపడం అన్యాయం.

అభ్యాసం: మీ జాబితాలో తర్వాత మూసుకుపోయే పనులకు గుర్తు పెట్టండి. ఒక్కోదాని ఎదుట పరీక్ష ఏమిటో, ఎవరు దగ్గరుండాలో రాసి, ఒప్పందం మీద సంతకానికి ముందే కాంట్రాక్టరుకు చూపించండి. ఆయన చేర్చమన్నవి చేర్చండి. వచ్చే పాఠంలో పని అప్పగింత.