టర్కిష్ సర్వనామాలు కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇస్తాంబుల్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడికి కొత్తగా వచ్చే తెలుగువాళ్ళకు సాయంత్రాలు టర్కిష్ నేర్పుతుంటాను. బెన్, సెన్, ఒ, బిజ్, సిజ్, ఒన్లర్ అనే ఆరు మాటలూ అందరికీ మొదటి వారంలోనే నోటికొచ్చేస్తాయి. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు. ఇంతేగా అనుకుంటారు. నెల తిరిగేసరికి దాదాపు అందరూ అవే నాలుగైదు సమస్యలతో వస్తారు. ఆ పట్టిక మీకు వచ్చనే అనుకుని ఇది రాస్తున్నాను.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. టర్కిష్‌లో చుక్క లేని "ఐ"కి, "ఉ" మీద రెండు చుక్కలున్న అచ్చుకు తెలుగులో అక్షరాలు లేవు. ఇక్కడ దగ్గరి ధ్వనితో రాశాను. సరైన పలుకు మాట్లాడేవాళ్ళను విని పట్టుకోండి.

సమస్య: వాక్యంలో "నేను" ఎక్కడా లేదు, ఎవరు చేశారో తెలియడం లేదు

కారణం ఒక్కటే. మీరు వాక్యం మొదట్లో వెతుకుతున్నారు. చూడాల్సింది చివర, క్రియ తోకలో.

"బెక్లెదిమ్, గెల్మెదిన్." రెండే మాటలు. ఎదురుచూశాను, నువ్వు రాలేదు. మొదటిదాని చివర "మ్" ఉంది కాబట్టి నేను, రెండోదాని చివర "న్" ఉంది కాబట్టి నువ్వు. సర్వనామం పెట్టలేదు, పెట్టనక్కర్లేదు. ఇది మనకు కొత్త కాదు. "వచ్చాను" అన్నాక "నేను" అనకపోయినా తెలుగులో ఎవరికైనా అర్థమవుతుంది. గెల్దిమ్, గెల్దిన్, గెల్ది, గెల్దిక్, గెల్దినిజ్, గెల్దిలెర్ అంటే వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చాం, వచ్చారు, వచ్చారు. మన భాషలో రోజూ చేసే పనే ఇది. అయినా పది మందిలో ఎనిమిది మంది క్రియ చూడకుండా నిఘంటువు తెరుస్తారు. దయచేసి ముందు తోక చూడండి.

ఒక్క చోట మాత్రం తెలుగు అలవాటు మనల్ని దెబ్బతీస్తుంది. "రాలేదు" అనే మాటకు మన దగ్గర తోక లేదు. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, అన్నిటికీ అదే. టర్కిష్‌లో కాదనే మాటకూ తోక ఉంటుంది: గెల్మెదిమ్, గెల్మెదిన్, గెల్మెది, గెల్మెదిక్. అందుకే మనవాళ్ళు అన్నిటికీ "గెల్మెది" అనేసి, ఆ లోటు పూడ్చడానికి ముందు "బెన్" తగిలిస్తారు. "బెన్ గెల్మెది" అంటే "నేను రాలేదు"లా ఉండదు, తెలుగులో "నేను వచ్చాడు" అన్నట్టు తోక కుదరని మాటలా ఉంటుంది. తెలుగులో "లేదు" అనబోతున్నప్పుడల్లా టర్కిష్ తోక ఒకసారి సరిచూసుకోండి.

తోక సరిగ్గా ఉన్నా ప్రతి వాక్యంలో "బెన్" పెడుతుంటే, వినేవాళ్ళకు "నేనైతే", "నేనే" అని నొక్కి చెప్తున్నట్టు అనిపిస్తుంది. అలా నొక్కాల్సిన చోట మాత్రమే పెట్టండి.

సమస్య: "ఒ" అంటే ఆయనా, ఆవిడా, అదా?

అన్నీ. టర్కిష్‌లో లింగభేదం లేదు, క్రియలోనూ లేదు. వచ్చాడు, వచ్చింది, రెండూ "గెల్ది". సందర్భమే దిక్కు. ఇద్దరి గురించి చెప్తున్నప్పుడు పేర్లు వాడండి, సరిపోతుంది. పెద్దవాళ్ళను "ఒ" అనడానికి మనకు మనసొప్పదు. అది మర్యాద తక్కువ మాట కాదు. ఇంకాస్త గౌరవం కావాలంటే పేరు తర్వాత మగవాళ్ళకు "బేయ్", ఆడవాళ్ళకు "హనమ్" చేర్చండి, లేదా "ఒ" బదులు "కెన్దిసి" అనండి. ఎదురుగా ఉన్నవాళ్ళ విషయంలో ఇబ్బందే లేదు. నువ్వుకు "సెన్", మీరుకు "సిజ్". ఎక్కడ మీరు అంటామో దాదాపు అక్కడే సిజ్.

సమస్య: "బెనె" అంటే నవ్వుతున్నారు

నాకు అనడానికి "బనా" అనాలి. నీకు అనడానికి "సనా". తెలుగులో "నేనుకు" అనం, "నాకు" అంటాం కదా, అక్కడా అచ్చు అలాగే మారింది. ఇలా మారేవి ఈ రెండే.

సమస్య: "ఒ"కు ప్రత్యయం చేరిస్తే తప్పంటున్నారు

మధ్యలో ఒక "న" రావాలి. ఒను (దాన్ని), ఒనా (దానికి), ఒన్దా (దాని దగ్గర), ఒనున్ (దాని). బు (ఇది), షు (అదిగో అది) అనే మాటలకూ అంతే: బును, షును. "అది" నుంచి "దాన్ని", "దానికి" వచ్చినప్పుడు మనకూ "న" వస్తుంది, అలా గుర్తుపెట్టుకోండి. ఆ "న" మరిచి "ఒయు" అంటే అది కూడా సరైన మాటే అవుతుంది, కానీ అర్థం "ఓటును" అని.

ఇదే "న" ఇంకో చోట దాక్కుంటుంది. "ఎవ్" అంటే ఇల్లు, "ఎవి" అంటే అతని ఇల్లు. అతని ఇంట్లో అనాలంటే "ఎవిన్దె". నీ ఇంట్లో అన్నా "ఎవిన్దె"యే. వినడానికి ఏ తేడా ఉండదు. "నిన్న ఎవిన్దె ఉన్నాం" అని ఎవరైనా అంటే, నీ ఇంట్లోనా, అతని ఇంట్లోనా? ఇక్కడ మాత్రం సర్వనామం వదలకండి. "సెనిన్ ఎవిన్దె", "ఒనున్ ఎవిన్దె" అని విడదీసి చెప్పండి.

అసలు సమస్య: వాక్యం తప్పుగా అనిపించదు, కానీ ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగుతున్నారు

నేను రెండేళ్ళు చేసిన తప్పు ఇది. ఎవరూ సరిదిద్దలేదు, ఎందుకంటే అందులో వ్యాకరణం తప్పిన మాట ఒక్కటీ లేదు.

వచ్చిన కొత్తలో అద్దెకు గది చూడటానికి వెళ్ళాను. ఇంటావిడ టీ పోసి, మీరొక్కరేనా అని అడిగింది. మా తమ్ముడు కూడా వస్తున్నాడని చెప్పాలి. "నాకు ఒక తమ్ముడు ఉన్నాడు" అని తెలుగులో అనుకుని, మాటకు మాట పెట్టి "బనా బిర్ కర్దెష్ వర్" అన్నాను. ఆవిడ చేతిలో టీ గ్లాసు అలాగే ఆగింది. "కిమిన్ కర్దెషి?" అంది. ఎవరి తమ్ముడు? నేను మళ్ళీ అదే వాక్యం చెప్పాను, ఈసారి ఇంకా నెమ్మదిగా. ఆవిడ తల ఊపింది, అర్థమైందనుకున్నాను. ఆ ప్రశ్నలోనే జవాబు ఉందని చాలా కాలానికి గానీ తెలియలేదు. ఆవిడ "కర్దెష్" అనలేదు, "కర్దెషి" అంది. ప్రశ్నలో కూడా తమ్ముడికి సొంతదారు ముద్ర వేసింది. నా వాక్యంలో ఆ ముద్ర లేదు. "బిర్ కర్దెషిమ్ వర్" అనాల్సింది.

కారణం మన "నాకు". తెలుగులో ఈ ఒక్క మాట మోసే బరువు చూడండి. నాకు ఇవ్వు. నాకు కారు ఉంది. నాకు తెలుసు. నాకు ఆకలేస్తోంది. నాకు నచ్చింది. నాకు తలనొప్పిగా ఉంది. అన్నిటికీ ఒకటే రూపం. టర్కిష్‌లో "బనా" మొదటిదానికి మాత్రమే పనికొస్తుంది. మిగతా అన్నిటికీ వేరే దారులు. మోసం ఎక్కడంటే, కొన్ని చోట్ల "బనా" అచ్చం "నాకు"లాగే పనిచేస్తుంది. "బనా సు లాజమ్", నాకు నీళ్ళు అవసరం. "బనా నె", నాకేంటి (కోపంగా అనే మాట, జాగ్రత్త). ఇలాంటివి రెండు మూడు కుదరగానే నాకు అంటే బనా అని మెదడు ఖాయం చేసేసుకుంటుంది. నేను అలాగే పడ్డాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళూ అలాగే పడుతున్నారు.

పరిష్కారం: "నాకు" నోటి దాకా వచ్చినప్పుడు, అది ఏ రకం "నాకు" అని ఒక్కసారి అడగండి.

ఏదైనా నా వైపు వస్తోందా? ఇవ్వడం, చెప్పడం, ఫోన్ చేసి ఒక మాట చేరవేయడం లాంటివి. అయితే "బనా". "బనా వెర్", నాకు ఇవ్వు.

నాకు ఉంది, నాకు లేదు అంటున్నారా? అప్పుడు "నాకు"ను మనసులో "నా"గా మార్చేయండి. నాకు కారు ఉంది కాదు, "నా కారు ఉంది". అరబా అంటే కారు, "అరబమ్ వర్". నాకు టైమ్ లేదు అంటే "నా టైమ్ లేదు", "వక్తిమ్ యోక్". నాకు ఆ సంగతి తెలియదు అనడానికి ఇక్కడివాళ్ళు "హబెరిమ్ యోక్" అంటారు, మాటకు మాట "నా కబురు లేదు". హబెర్, కబురు రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే, అందుకే నా విద్యార్థులకు ఇది ముందు నేర్పుతాను, ఒకసారి వింటే మరిచిపోరు. ఆ చివరి "మ్"ను మింగేయకండి. "బెనిమ్" (నా) అని ముందు పెట్టినా సరే, నామవాచకం మీద "మ్" ఉండాల్సిందే. "బిజిమ్ ఎవ్" (మా ఇల్లు) అని తోక లేకుండా జనం మాట్లాడుకోవడం మీకు వినిపిస్తుంది. అది వాళ్ళ వాడుక. మీరు నేర్చుకునేటప్పుడు తోకతోనే మొదలుపెట్టండి, లేకపోతే "వర్" వాక్యాలు ఎప్పటికీ సరిగా రావు.

సొంతం కాదు, ఇప్పుడు చేతిలో ఉందా? దీనికి మనకు చక్కటి జోడీ ఉంది: "నా దగ్గర", టర్కిష్‌లో "బెన్దె". "అనహ్తర్ బెన్దె", తాళంచెవి నా దగ్గరే ఉంది. "బెన్దె పరా యోక్", నా దగ్గర డబ్బు లేదు. తెలుగులో "నాకు", "నా దగ్గర" ఎక్కడ విడిపోతాయో చాలావరకు టర్కిష్‌లో కూడా అక్కడే విడిపోతాయి. ఈ ఒక్కటీ తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

తెలుసు, కావాలి, అర్థమైంది, ఆకలి, చలి? వీటిలో సర్వనామమే వద్దు. క్రియకు "నేను" తోక పెట్టండి. బిలియోరుమ్ (నాకు తెలుసు), ఇస్తియోరుమ్ (నాకు కావాలి), అన్లదమ్ (నాకు అర్థమైంది), అజక్తమ్ (నాకు ఆకలేస్తోంది), ఉషుయోరుమ్ (నాకు చలేస్తోంది). "ఆకలి నాకు వేస్తోంది" కాదు, "నేను ఆకలిగొన్నాను" అన్నట్టు ఆలోచించాలి.

ఒంట్లో బాధా? మళ్ళీ "నా". "బషమ్ ఆరయోర్", నా తల నొప్పి పెడుతోంది. నచ్చడం కూడా దీనికి దగ్గరే: "హోషుమా గిత్తి". "హోష్" అంటే హాయి, అందులో "ఉమ్" అంటే నా, "ఆ" అంటే కి. నా హాయికి వెళ్ళింది, అంటే నచ్చింది.

ఒక వారం పాటు ఈ పని చేయండి. రోజంతా తెలుగులో మీరు అన్న "నాకు"లను కాగితం మీద రాసి, రాత్రికి ఏది ఏ రకమో పక్కన గుర్తు పెట్టండి. నేను చెప్పినవాళ్ళలో ఇది నిజంగా చేసినవాళ్ళు నెలలోపే బయటపడ్డారు. చేయనివాళ్ళు ఆరు నెలల తర్వాత కూడా "బనా అరబా వర్" అంటూనే ఉన్నారు.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఒకటుంది. మనం "నన్ను" అనే కొన్ని చోట్ల వాళ్ళు "బనా" అంటారు. నన్ను చూడు, "బనా బక్". నన్ను నమ్ము, "బనా ఇనన్". నన్ను అడుగు, "బనా సోర్". ఈ చివరిదానిలో "బెని" (నన్ను) పెడితే అర్థమే మారుతుంది. "బెని సోర్దు" అంటే నన్ను అడిగాడని కాదు, నా గురించి వాకబు చేశాడని. క్రియ నేర్చుకునేటప్పుడే దాని పక్కన బనానో బెనినో రాసుకోండి.

అప్పుడప్పుడూ వచ్చేవి

"దోక్తోరుమ్" అంటే "నేను డాక్టర్ని" కూడా, "నా డాక్టరు" కూడా. మొదటిదానిలో ఊనిక "తో" మీద, రెండోదానిలో చివరి "రుమ్" మీద. మన "డాక్టర్ని"లోని "ని" లాంటిదే ఆ తోక.

మనం, మేము, రెండూ "బిజ్". నాతో అనడానికి "బెనిమ్లె", వాళ్ళతో అనడానికి మాత్రం "ఒన్లర్లా". ఒన్లర్ తర్వాత "గెల్ది" అన్నా "గెల్దిలెర్" అన్నా తప్పు కాదు. పక్షులు, వస్తువులు అయితే ఏకవచన క్రియే పెట్టండి.

వీడియోలు చూసి నేర్చుకుంటూ "మెన్", "మెనె" అని వింటున్నారా? అది అజర్‌బైజానీ, టర్కిష్‌కు దగ్గరి చుట్టం. అక్కడ నేను అంటే "మెన్", నాకు అనడానికి అచ్చు మారదు. వీడియో ఏ భాషదో ఒకసారి చూసుకుని వేరేది పెట్టుకోండి.