కౌమారంలో సిగరెట్ వైపు లాగే సామాజిక ప్రభావాలను ఎదుర్కోవడం ఎలా?

పిల్లలు తొలి సిగరెట్ ముట్టుకోవడానికి రుచి కంటే తోటివారి మెప్పే ఎక్కువగా కారణమవుతుంది కనుక, ఆరోగ్యహాని గురించిన ఉపన్యాసంతో కాక, వారు ఎవరితో, ఎక్కడ గడుపుతున్నారో నింపాదిగా వినడంతో మొదలుపెట్టండి. "మా వాళ్లందరూ తాగుతారు" అన్నప్పుడు గద్దించకుండా, ఆ అందరిలో నిజంగా తాగేవారెందరో వారిచేతనే లెక్కించి చెప్పించండి. ఈ వయసువారు పొగతాగే తోటివారి సంఖ్యను ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకోవడం సాధారణం, ఆ ఊహే వారిని అటువైపు నెడుతుంది.

ఎవరైనా సిగరెట్ అందిస్తే స్నేహం చెడకుండా నిరాకరించడాన్ని ఇంట్లోనే అభ్యాసం చేయించండి. "వద్దు, నాకు ఇష్టం లేదు" అన్న చిన్న జవాబు చాలు. కారణాలు వివరించబోతే వాదన పెరుగుతుంది.

సినిమాలను తేలికగా తీసుకోవద్దు. తెరపై కనిపించే ధూమపానం యువత ఆ అలవాటు మొదలుపెట్టడానికి కారణమవుతుందని అమెరికా సర్జన్ జనరల్ (ఆ దేశ ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య ప్రతినిధి) నివేదిక 2012లోనే నిర్ధారించింది. అలాంటి దృశ్యం వచ్చినప్పుడు, ఆ పాత్ర చేతిలో సిగరెట్ ఎందుకు పెట్టారో కలిసి చర్చించండి.

ఇంట్లో పొగతాగే పెద్దలుంటే (చాలామంది దాటవేసే అంశమిదే) పై సూచనలన్నీ బలహీనపడతాయి. వారు తమ మానే ప్రయత్నాన్ని, అందులోని కష్టాన్ని పిల్లల వద్ద దాచకూడదు. ఇంట్లోనూ వాహనంలోనూ పొగతాగడాన్ని వెంటనే ఆపాలి.