పిప్పిగోరుకి ఇంట్లో ఏం చెయ్యొచ్చు, వైజాగ్ ఉక్కలో ఉండేవాళ్ళ కోసం

కాలి బొటనవేలి గోరు పచ్చగా అయిపోయి, మందమెక్కి, కట్ చేస్తుంటే పొడిపొడిగా రాలిపోతోంది, గోరు కింద తెల్లటి పొడి పేరుకుంటోంది అంటే అది ఫంగస్ అయ్యుండొచ్చు, మనవాళ్ళు పిప్పిగోరు అనేది దీన్నే. నొప్పి ఉండదు కాబట్టి ఏళ్ళకి ఏళ్ళు అలా వదిలేస్తాం, తర్వాత పక్కవేలికి పాకాక అప్పుడు యూట్యూబ్ చూసి వెల్లుల్లి రాయడం మొదలుపెడతాం.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే ఉంది. పాడైన గోరు ఏ మందు రాసినా మళ్ళీ బాగవ్వదు. మందు పని ఏంటంటే కొత్తగా వచ్చే గోరుకి ఫంగస్ పట్టకుండా చూడటం, ఆ కొత్తగోరు మెల్లగా పెరుగుతూ పాతదాన్ని ముందుకి నెట్టుకుంటూ వస్తే మనం కట్ చేసి పారెయ్యాలి, అంతే. కాలి గోరు నెలకి సుమారు 1.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చేతి గోరు దానికి రెట్టింపు. అంటే బొటనవేలి గోరు మొత్తం కొత్తది రావాలంటే 12 నుంచి 18 నెలలు. నెల రోజులు రాసి తేడా లేదని మానేసేవాళ్ళే ఎక్కువ, అందుకే తగ్గలేదు తగ్గలేదు అంటుంటారు.

ఇంకోటి, గోరు పాడైన ప్రతిసారీ ఫంగస్ కాదండి. పాడైన గోళ్ళని టెస్ట్ చేస్తే సుమారు సగం కేసుల్లోనే ఫంగస్ తేలుతుంది, మిగతావి సోరియాసిస్ అవ్వొచ్చు, బిగుతు బూట్ల వల్ల రోజూ తగిలే దెబ్బ అవ్వొచ్చు. అందుకే ఏడాది పైన మందు రాసే పని పెట్టుకునే ముందు స్కిన్ డాక్టర్‌కి ఒకసారి చూపించి కేఓహెచ్ టెస్ట్ చేయించుకోండి, గోరు ముక్కా గోరు కింద పొడీ కొంచెం తీసి మైక్రోస్కోప్‌లో చూస్తారు, చిన్న టెస్టే. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ హాస్పిటల్) స్కిన్ ఓపీ ఉంది, ప్రైవేట్‌లో అయితే ఊరంతా క్లినిక్కులే. టెస్ట్‌కి వెళ్ళేముందు కొన్నాళ్ళు ఏ మందూ రాయకుండా ఉండాలి, లేకపోతే ఫంగస్ ఉన్నా కనబడకపోవచ్చు, ఎన్నాళ్ళు ఆపాలో డాక్టర్‌నే అడగండి.

షుగర్ ఉన్నవాళ్ళు, కాళ్ళు తిమ్మిర్లు ఎక్కేవాళ్ళు, కాళ్ళకి రక్తం సరిగ్గా అందనివాళ్ళు అసలు ఇంట్లో గోరు గీకడం, నానబెట్టడం లాంటివి పెట్టుకోవద్దు. చిన్న గాటు పడితే అది తెలియదు, తెలిసేసరికి కాలు వాచిపోతుంది. అలాగే గోరులో నల్లటి గీత నిలువుగా వచ్చి వెడల్పు అవుతోంది అంటే అది ఫంగస్ అనుకుని కూర్చోకండి, అరుదుగా కేన్సర్ కూడా అలా మొదలవుతుంది, వెంటనే చూపించండి. దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిన నలుపు అయితే గోరుతో పాటు ముందుకి జరుగుతూ పోతుంది, కానీ అది మీరే తేల్చుకోవద్దు.

సరే, ఫంగసే అని తేలింది, గోరులో సగం కంటే తక్కువే పాడైంది, మొదలు దగ్గర బాగానే ఉంది అనుకుందాం. అప్పుడు రాసే మందుతో ట్రై చెయ్యొచ్చు. మెడికల్ షాపులో నెయిల్ లక్కర్ అని దొరుకుతుంది, చూడ్డానికి నెయిల్ పాలిష్ లాగే ఉంటుంది, అమోరోల్ఫిన్ 5 శాతం అయితే వారానికి ఒకటి లేదా రెండుసార్లు, సైక్లోపిరాక్స్ 8 శాతం అయితే రోజూ. ఎఫినాకోనజోల్ 10 శాతం అని ఇంకోటి ఉంది, అదీ రోజూ రాయాలి, 48 వారాలు. ఈ ఎఫినాకోనజోల్ మీద చేసిన రెండు పెద్ద ట్రయల్స్‌లో ఏడాది తర్వాత గోరు పూర్తిగా బాగైనవాళ్ళు 17.8 శాతం, 15.2 శాతం మాత్రమే. భయపెట్టడానికి చెప్పట్లేదు, చాలామందికి పూర్తిగా పోకపోయినా ఎంతో కొంత మెరుగవుతుంది, కానీ బాటిల్ కొనేముందు ఈ సంగతి తెలిసుండాలి.

రాసే పద్ధతే అసలు కీలకం. మందంగా ఉన్న గోరు మీద లక్కర్ పూస్తే పైపైనే ఉండిపోతుంది, లోపలికి దిగదు. కాబట్టి ముందు గోరుని పల్చన చెయ్యాలి. స్నానం అయ్యాక గోరు మెత్తగా ఉంటుంది, అప్పుడు ఊడొచ్చిన భాగం, పట్టులేని భాగం ఎంతవరకు వస్తే అంతవరకు తిన్నగా అడ్డంగా కట్ చెయ్యండి, మూలలు లోపలికి తవ్వొద్దు, తవ్వితే గోరు కండలోకి దిగుతుంది. తర్వాత నెయిల్ ఫైల్‌తో పైభాగం అరగదియ్యండి, పొడి కింద పడకుండా పేపర్ పరుచుకుని చేసి ఆ పేపర్ మడిచి చెత్తలో వేసెయ్యండి. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరాక లక్కర్ రాయండి, అంచుల దాకా, వీలైతే అంచు కింద కూడా. మరీ మందంగా ఉంటే 40 శాతం యూరియా ఉన్న క్రీమ్ రాత్రి గోరు మీద మాత్రమే పెట్టి, చుట్టూ చర్మానికి వాసలీన్ రాసి, పైన ప్లాస్టర్ వేసి పడుకుంటే కొన్నాళ్ళకి గోరు మెత్తబడి గీకితే వచ్చేస్తుంది. ఆ ఫైలూ ఆ నెయిల్ కట్టరూ ఆ గోరుకే ఉంచేసుకోండి, మంచి గోళ్ళకి వేరేది, ఇంట్లోవాళ్ళకి అస్సలు ఇవ్వొద్దు. ఇంటిల్లిపాదికీ ఒకే కట్టర్ ఉండే అలవాటు మనకి ఎక్కువ, అది ఇవాళే మార్చండి.

మందు పని చేస్తోందో లేదో చూడ్డానికి ఒక మంచి ఉపాయం ఉంది, మంచి గోరు ఎక్కడ ఆగి పాడైనది ఎక్కడ మొదలైందో ఆ సరిహద్దు మీద ఫైల్ అంచుతో సన్నగా ఒక గీత గియ్యండి, పైపైనే. గోరు పెరిగేకొద్దీ ఆ గీత ముందుకి జరుగుతుంది. గీత వెనక వచ్చేదంతా శుభ్రంగా ఉంటే మందు పనిచేస్తున్నట్టే, పాడైన పచ్చరంగు ఆ గీతని దాటి వెనక్కి వస్తుంటే పనిచెయ్యట్లేదు. నెలకోసారి ఫోన్‌లో ఒకే వెలుతుర్లో ఫొటో కూడా తీసుకోండి. ఇదంతా కనబడాలి కాబట్టి ట్రీట్‌మెంట్ అయ్యేదాకా ఆ వేలికి ఆషాఢం గోరింటాకు వద్దు, పాదాలకి పసుపు రాసేటప్పుడు కూడా ఆ గోరు వదిలెయ్యండి, పసుపు రంగు అంటుకుంటే ఏది ఫంగసో ఏది పసుపో తెలీదు.

ఇప్పుడు తడి గురించి, మన ఊర్లో సగం యుద్ధం ఇదే. సముద్రం పక్కన గాల్లో ఎప్పుడూ తేమే, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ అంతా సేఫ్టీ షూ, పరవాడ ఫార్మా వైపు గమ్‌బూట్లు, ఫిషింగ్ హార్బర్‌లో అయితే రోజంతా నీళ్ళలోనే కాళ్ళు. ఆర్కే బీచ్‌లో సాయంత్రం అలల్లో నిలబడి అదే తడికాళ్ళతో షూ వేసేసుకుంటాం. ఫంగస్‌కి ఇంతకంటే ఏం కావాలి. చాలామందికి ఇది ముందు వేళ్ళ సందుల్లో మొదలవుతుంది, తెల్లగా నాని చర్మం పొరలు పొరలుగా ఊడుతుంది, దురద పెడుతుంది, అక్కణ్ణుంచి గోరులోకి దిగుతుంది. కాబట్టి గోరుకి మందు రాస్తూ వేళ్ళ సందులు వదిలేస్తే ఏడాది కష్టం వృథా. సందులకి క్లోట్రిమజోల్ లేదా టెర్బినాఫిన్ 1 శాతం క్రీమ్ రాయండి, క్లోట్రిమజోల్ అయితే తగ్గినట్టు కనబడినా మానకుండా నాలుగు వారాలు. షాపులో అడగ్గానే స్టిరాయిడ్ కలిసిన ట్యూబ్ ఇచ్చేస్తారు, రెండ్రోజుల్లో దురద పోతుంది కానీ లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది, ట్యూబ్ మీద బీటామెథాసోన్, క్లోబెటసోల్ అని ఉంటే తీసుకోకండి. గజ్జల్లో తామర కూడా ఉంటే దాన్ని కూడా ఒకేసారి డాక్టర్‌కి చూపించండి, ఈ మధ్య మన దేశంలో టెర్బినాఫిన్‌కి లొంగని తామర బాగా కనబడుతోంది, సొంత వైద్యంతో అది ఇంకా ముదురుతుంది.

కాళ్ళు కడిగాక వేళ్ళ మధ్య గుడ్డ పెట్టి తుడవాలి, ఈ పని మాత్రం రోజూ మానకూడదు. మెట్టెలు పెట్టుకునేవాళ్ళు వాటిని కొంచెం పైకి జరిపి కింద తడి తుడవండి, అక్కడ నీరు నిలిచిపోతుంది. షూ రెండు జతలు ఉంచుకుని రోజు మార్చి రోజు వేసుకోండి, వేసుకోనిది ఎండలో పెట్టండి, అక్టోబర్ నవంబర్ తుపానుల రోజుల్లో ఎండ ఉండదు కాబట్టి లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. సాక్సులు రోజూ మార్చాలి, వీలైతే 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు వట్టికాళ్ళతో నడిచి వచ్చినవాళ్ళు, ఇంటికి రాగానే కాళ్ళు కడిగి ఆరబెట్టుకుని గోళ్ళు ఒకసారి చూసుకోండి, దెబ్బ తిన్న గోరులోకి ఫంగస్ తేలిగ్గా దూరుతుంది.

ఇక వంటింటి చిట్కాల సంగతి. విక్స్ మీద 2011లో ఒక చిన్న స్టడీ వచ్చింది, 18 మందిలో 5గురికి పూర్తిగా తగ్గింది, పోల్చడానికి వేరే గ్రూప్ లేదు కాబట్టి దాన్ని పట్టుకుని ఊగక్కర్లేదు కానీ రాస్తే పెద్దగా నష్టం కూడా లేదు. వెనిగర్‌లో రెట్టింపు నీళ్ళు కలిపి కాళ్ళు పెట్టుకోవచ్చు, అయితే తర్వాత బాగా ఆరబెట్టాలి. వేపనూనె, కొబ్బరినూనె గోరు లోపలికి దిగి ఫంగస్‌ని చంపుతాయని నమ్మడానికి గట్టి ఆధారం లేదు. బ్లీచింగ్, యాసిడ్, పచ్చి వెల్లుల్లి కట్టుకట్టడం మాత్రం వద్దే వద్దు, చర్మం కాలిపోతుంది.

గోరు సగం కంటే ఎక్కువ పోయినా, మొదలు దాకా పాకినా, మూడు నాలుగు వేళ్ళకి వచ్చినా రాసే మందుతో పని అవ్వదు, మాత్రలు కావాలి. టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు రోజుకి ఒకటి 12 వారాలు సాధారణంగా ఇచ్చే కోర్సు, మొదలుపెట్టే ముందు లివర్ టెస్ట్ చేయిస్తారు. ఇట్రాకోనజోల్ అయితే గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి పనికిరాదు, కొన్ని కొలెస్టరాల్ మాత్రలతో కూడా పడదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ మాత్రల జోలికి వెళ్ళొద్దు. అందుకే పక్కింటివాళ్ళ చీటీ చూపించి కొనుక్కోకండి. మాత్రలు 12 వారాలకే అయిపోయినా గోరు అప్పటికి సగం కూడా మారదు, మందు గోరులో ఇంకా కొన్ని నెలలు ఉండి పనిచేస్తుంది, కంగారుపడి మళ్ళీ సొంతంగా మొదలుపెట్టొద్దు.

గోరు మొత్తం మారాక కూడా ఇది తిరిగొచ్చే రకం. పాత షూ, బాత్రూమ్ చెప్పులు మార్చెయ్యండి, మార్చలేకపోతే లోపల యాంటీఫంగల్ పౌడర్ చల్లుతూ ఉండండి. పార్లర్‌లో పెడిక్యూర్‌కి వెళ్తే మీ సామాను మీరే పట్టుకెళ్ళండి. వర్షాకాలంలో వేళ్ళ సందులు మళ్ళీ తెల్లబడటం మొదలైతే అది గోరు దాకా వెళ్ళకముందే ఆ రోజు నుంచే క్రీమ్ పెట్టెయ్యండి, ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉంటే వాళ్ళకి కూడా.