అమెరికా ల్యాబులో కొత్తగా చేరారా? ఎంటీఏ సంగతి ముందే తెలుసుకోండి

పీహెచ్‌డీకో పోస్ట్‌డాక్‌కో అమెరికా వచ్చినవాళ్ళకి అద్దె ఇల్లు, సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు గురించి సలహాలు కావలసినన్ని దొరుకుతాయి. వేరే యూనివర్సిటీ నుంచి ఒక ప్లాస్మిడ్డో (చిన్న డీఎన్ఏ వలయం), సెల్ లైనో (ల్యాబులో పెంచే కణాలు), ఎలుకల జతో తెప్పించుకోవాలంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అక్కడి ప్రొఫెసర్‌కి మెయిల్ పెడితే "తప్పకుండా పంపిస్తాను" అని సాయంత్రానికల్లా జవాబు వస్తుంది. ఆ తర్వాత వారాలు గడిచినా డబ్బా రాదు.

అడ్డం ఉన్నది మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్. అందరూ ఎంటీఏ అంటారు. ఇది ఇద్దరు సైంటిస్టులు రాసుకునేది కాదు, రెండు సంస్థలు రాసుకునేది. అందుకే దాని మీద సంతకం పెట్టే అధికారం మీకు లేదు, సాధారణంగా మీ పీఐకి, అంటే ల్యాబు నడిపే ప్రొఫెసర్‌కి కూడా ఉండదు. యూనివర్సిటీ తరఫున సంతకం చేసే అధికారి వేరే ఉంటారు. ఆ ఆఫీసు ఒకచోట టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ కింద ఉంటుంది, ఇంకోచోట స్పాన్సర్డ్ ప్రోగ్రామ్స్ కింద. చేరిన మొదటి వారంలోనే ల్యాబ్ మేనేజర్ని అడిగి అదెక్కడో కనుక్కోండి. అవతలివాళ్ళు పంపిన పీడీఎఫ్ మీద మొహమాటానికి సంతకం పెట్టి తిప్పి పంపకండి.

రెండు వైపులా యూనివర్సిటీలే అయితే పని కాస్త తేలిక. 1995లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్‌ఐహెచ్ యూబీఎంటీఏ అనే ఉమ్మడి ఒప్పందాన్ని ప్రకటించింది. దాని మూలప్రతి మీద ఒకసారి సంతకం పెట్టిన సంస్థలు ప్రతి ట్యూబుకీ కొత్తగా బేరమాడక్కర్లేదు, ఆ ఒప్పందమే వర్తిస్తుందని చెప్పే చిన్న ఇంప్లిమెంటింగ్ లెటర్ సరిపోతుంది. సంతకం చేసిన సంస్థల జాబితా యూనివర్సిటీల టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఉద్యోగుల సంఘం ఏయూటీఎం దగ్గర ఉంటుంది. కాబట్టి మీ ఆఫీసుకి రాసే మొదటి మెయిల్లోనే "యూబీఎంటీఏ మీద తీసుకోవచ్చా?" అని అడగండి. ఆ ఒక్క వాక్యంతో చాలా టైమ్ కలిసొస్తుంది. ప్లాస్మిడ్ అయితే పేపర్ రాసినవాళ్ళని అడిగే ముందు యాడ్‌జీన్‌లో వెతకండి. 2004లో మసాచుసెట్స్‌లో మొదలైన, ప్లాస్మిడ్లు దాచి ల్యాబులకి పంపే లాభాపేక్ష లేని సంస్థ అది. ఒప్పందానికి అనుమతి అంతా ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది. ఎలుకలకి మెయిన్ (Maine) అనే రాష్ట్రంలోని జాక్సన్ ల్యాబొరేటరీ ఉంది. ఎలుకలకి జంతు ప్రయోగాల కమిటీ అనుమతి, కణాల్లోకి జన్యువులు మోసుకెళ్ళే వైరల్ వెక్టర్లకి బయోసేఫ్టీ కమిటీ అనుమతి ఎలాగూ కావాలి. అవి ఎంటీఏ వచ్చాక మొదలుపెట్టకండి, పక్కపక్కనే నడిపించండి.

షరతులు చదవడం ఆఫీసు పనే, అయినా మీరూ చదవండి. ప్రయోగంలో ఏం చేస్తారో ఆ ఆఫీసుకి తెలియదు, మీకే తెలుసు. యూబీఎంటీఏ ప్రకారం పంపిన పదార్థం, దాని సంతతి, మార్పు లేకుండా దాన్నుంచి వచ్చినవి ఇచ్చినవాళ్ళవే. మీరు మార్చి కొత్తగా తయారుచేసింది మీ సంస్థది, అందులో కలిసి ఉన్న అసలు పదార్థం మాత్రం వాళ్ళదే. పక్క ల్యాబులోని స్నేహితుడు అడిగాడని ఒక వయల్ ఇవ్వడం కుదరదు; మీ పీఐ పర్యవేక్షణలో లేనివాళ్ళకి ఇవ్వాలంటే ఇచ్చినవాళ్ళ అనుమతి కావాలి.

కంపెనీ దగ్గర తీసుకుంటే లెక్క మారుతుంది. పేపర్ పంపే ముందు 30 నుంచి 60 రోజులు మాకు చూపించాలి అనడం మామూలే, దానికి ఒప్పుకోవచ్చు. "మా అనుమతి ఉంటేనే ప్రచురించాలి" అని ఉంటే మాత్రం ఆఫీసుకి వెంటనే చెప్పండి, మీ థీసిస్ దాని మీద ఆధారపడి ఉందని కూడా చెప్పండి. ఇంకో చిక్కు ఉంది. రెండు కంపెనీల పదార్థాలు ఒకే ప్రయోగంలో కలిపితే, ఒకే ఫలితం మీద హక్కు ఇస్తామని ఇద్దరికీ మాట ఇచ్చినట్టు అవ్వొచ్చు. ఎంటీఏ కోసం మీ ఆఫీసు నింపమనే ఫారంలో "వేరే పదార్థాలతో కలుపుతారా?" అన్న ప్రశ్న అందుకే. అక్కడ ఊరికే "లేదు" అని టిక్ పెట్టేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

ఇండియా నుంచి తెప్పించుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద విదేశీయులే కాదు, ఎన్నారైలు కూడా అక్కడి జీవ వనరులు పరిశోధనకి తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తీసుకోవాలి. పాస్‌పోర్టు ఇండియాదే కదా అంటే చెల్లదు. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన ఉమ్మడి ప్రాజెక్టులకి మినహాయింపు ఉంది, మీది అలాంటిదేనేమో అక్కడి పీఐని అడగండి. రోగుల శాంపిళ్ళతో ఉమ్మడి పరిశోధన అయితే భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్ళాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్ జీన్‌బ్యాంకు నుంచి జొన్న, కంది విత్తనాలు తెప్పించుకోవడానికి దారి వేరు. అంతర్జాతీయ విత్తన ఒప్పందం కింద 2006లో తయారైన ఎస్ఎంటీఏ అనే ప్రామాణిక ఎంటీఏ వాడతారు. అందులో బేరాలుండవు. కొన్నిచోట్ల ప్యాకెట్ విప్పితే చాలు, షరతులు ఒప్పుకున్నట్టే లెక్క, కాబట్టి పైన రాసింది చదవకుండా కత్తెర పెట్టకండి.

సెలవులకి వెళ్ళి వస్తూ పాత గైడ్ ఇచ్చిన ట్యూబుని పచ్చడి సీసాల మధ్య పెట్టుకు రావడం మాత్రం వద్దే వద్దు. మనిషికి జబ్బు కలిగించే క్రిములకి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పర్మిట్, మొక్కల, జంతు పదార్థాలకి చాలావాటికి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ పర్మిట్ కావాలి. చెప్పకుండా తెచ్చి కస్టమ్స్ దగ్గర పట్టుబడితే పోయేది ట్యూబొక్కటే కాదు, వీసా కూడా పోవచ్చు.

ల్యాబు మారేటప్పుడు కూడా ఇదే తంతు. మీ చేతులతో చేసిన సెల్ లైను అయినా అది సంస్థదే. కొత్త చోటికి తీసుకెళ్ళాలంటే పాత, కొత్త సంస్థల మధ్య మళ్ళీ ఎంటీఏ కావాలి. బయటినుంచి తెచ్చుకున్నవాటికి మొదట ఇచ్చినవాళ్ళనే అడగాలి. ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఫ్రీజర్ ముందు నిలబడి ఏది ఎవరిదో జాబితా రాసుకుని, రెండు ఆఫీసులకీ ఆ వారమే పంపండి.