పాత క్లాసిక్ కన్వర్టిబుల్ కారును మీరే నేరుగా అమ్మడం ఎలా?

మామూలు పాత కారు కొనేవాళ్లు ముందు ఇంజన్ చప్పుడు వింటారు. క్లాసిక్ కన్వర్టిబుల్, అంటే పైకప్పు (టాప్) మడిచి తెరవగల పాత కారు, కోసం వచ్చినవాళ్లు, విషయం తెలిసినవాళ్లయితే, ముందు వంగి డోర్ల కింద చూస్తారు. తర్వాత టాప్ విప్పి చూపించమంటారు. ఇలాంటి కారు ధర ఎక్కువగా తేలేది ఈ రెండు చోట్లే. మధ్యలో డీలరు లేకుండా అమ్మాలనుకుంటే, వచ్చేవాళ్లు చూసేవన్నీ మీరు ముందే చూసి పెట్టుకోవాలి.

1. సిల్స్, ఫ్లోరు పరీక్షించండి

పైకప్పు ఉన్న కారులో బాడీ బిగువుకు కప్పు కూడా సాయపడుతుంది. కన్వర్టిబుల్‌లో ఆ పనంతా ఫ్లోరు మీద, డోర్ల కింద పొడవునా ఉండే సిల్స్ మీద పడుతుంది. 1962 నుంచి 1980 దాకా తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. దానికి సిల్సే వెన్నెముక. అవి లోపల్నుంచి తుప్పు పట్టినా పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, కారు మాత్రం మధ్యలో కుంగుతుంది.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. కారును చదునైన నేల మీద నిలిపి, డోరు వెనక అంచుకూ బాడీకీ మధ్య సందు చూడండి. పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే కారు నడుం వంగుతోందన్నమాట. తర్వాత మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ పెట్టాల్సిన చోటే పెట్టి, వెనక చక్రం ఒకటి నేల నుంచి లేచేదాకా ఎత్తండి. ఇప్పుడు ఆ వైపు డోరు తెరవండి. ఇందాకటిలాగే తెరుచుకుంటే మంచిదే, పట్టేస్తే సిల్ బలం తగ్గినట్టే అనుకోండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరకండి.

పుట్టీ ఉందేమోనన్న అనుమానం ఉన్నచోట పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఆనించండి. ఇనుప రేకును పట్టుకున్నంత గట్టిగా పుట్టీ మీద పట్టుకోదు.

లోపం బయటపడితే దారులు రెండే. ఒకటి, పాడైన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, ప్రతి దశలోనూ ఫొటోలు తీసిపెట్టుకోవడం. రెండోది, ఉన్నదున్నట్టు చెప్పి ధర తగ్గించడం. పైన పుట్టీ రాసి, అడుగున నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి మసిపూసి మారేడుకాయ చేయాలని మాత్రం చూడకండి. అమ్మే ముందు కొట్టిన కొత్త కోటింగ్ కనిపిస్తే, కింద తుప్పు లేకపోయినా ఉందనే అనుకుంటారు.

2. టాప్ సంగతి చూడండి

టాప్ ఎత్తి లాక్ చేసి, ఒకరిని లోపల కూర్చోబెట్టి, మామూలు పైపుతో పది నిమిషాలు నీళ్లు పట్టండి. నీళ్లు ఎక్కువగా దిగేది మూడు చోట్ల: విండ్‌స్క్రీన్ పై అంచు, డోరు అద్దం వెనక మూల, వెనక కిటికీ కుట్టు. రబ్బరు సీల్స్ గట్టిపడి చిట్లితే మార్చేయండి. ప్రెషర్ వాషర్ వద్దు, గుడ్డ టాప్‌కు ఉన్న నీటి నిరోధక పూత దానితో పోతుంది.

వెనక కిటికీ పీవీసీ ప్లాస్టిక్‌దైతే, మసకబారినంత వరకూ ప్లాస్టిక్ పాలిష్‌తో బాగుపడుతుంది. పగిలితే మార్చాల్సిందే. బాగా చలిలో మడిస్తే పగులుతుంది. తడిగా ఉన్న టాప్ మడిచి ఉంచితే బూజు పడుతుంది. చూపించే రోజున తొందరలో ఈ రెండు తప్పులూ జరుగుతుంటాయి.

చాలామంది మరిచిపోయేవి డ్రెయిన్ రంధ్రాలు. మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5లో టాప్ మీద పడిన నీళ్లు సీట్ల వెనక మూలల్లోని గొట్టాల ద్వారా కిందికి పోతాయి. ఆకులు, మట్టి అడ్డుపడితే ఆ నీళ్లు సిల్స్‌లోకి చేరి, వెనక చక్రాల ముందు తుప్పు మొదలవుతుంది. కొన్ని నీళ్లు నెమ్మదిగా పోసి, కారు కింద వెంటనే కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే మెత్తటి నైలాన్ తీగతో శుభ్రం చేయండి. ఇనుప తీగ గొట్టాన్ని చీల్చేస్తుంది.

పవర్ టాప్ (స్విచ్ నొక్కితే దానంతటదే తెరుచుకునేది) నెమ్మదిగా కదులుతుంటే హైడ్రాలిక్ ఆయిల్ మట్టం చూడండి. కొన్ని మోడళ్లకు బ్రేక్ ఫ్లూయిడ్, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) వాడతారు. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే సీల్స్ ఉబ్బి పాడవుతాయి, అందుకే మాన్యువల్ చూసే పోయండి.

3. మరమ్మతు కొద్దిగానే చేయించండి

బ్యాటరీ, బల్బులు, బ్రేక్ ఫ్లూయిడ్, నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలు మార్చండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైర్లు, పట్టు అరగకపోయినా, కొనేవాళ్లు బేరానికి వాడుకుంటారు.

కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచేది) చేయించి అంకెలు రాయించుకోండి. ఇంజన్ వేడిగా ఉండాలి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపుంటే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. కారంతా కొత్తగా పెయింట్ వేయించడం మాత్రం శుద్ధ దండగ. అసలు పెయింట్, అసలు సీటు కవర్లు కాస్త వెలిసినా వాటికి విలువిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

4. కాగితాల ఫైలు కట్టండి

బిల్లులు, సర్వీసు పుస్తకం, పాత ఓనర్ల వివరాలు, వెల్డింగ్ ఫొటోలు తేదీల వరసలో పెట్టండి. రిజిస్ట్రేషన్ పత్రంలోని ఛాసిస్ నంబరు, కారు మీద ఉన్న నంబరు అక్షరం పొల్లు పోకుండా కలవాలి. 17 అక్షరాల నంబరు ప్రామాణికమైంది 1981 మోడళ్ల నుంచే. అంతకు ముందరి కార్లకు పొట్టి నంబరుంటే అది లోపం కాదు, ఆ మాట ప్రకటనలోనే రాయండి. ఎంజీ, ట్రయంఫ్ లాంటి కార్లకు బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ధ్రువపత్రాలు ఇస్తుంది. ఒరిజినల్ ఇంజనే ఉందని చూపడానికి అది పనికొస్తుంది.

5. ధర, ప్రకటన

ప్రకటనల్లో అడిగే ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. వేలం ఫలితాలు చూసేటప్పుడు కొనుగోలుదారు కట్టే కమిషన్ అందులో కలిసి ఉందో లేదో గమనించండి. మీ కారులాంటివే, అదే స్థితిలో ఉన్నవి, నాలుగైదు అమ్మకాలు పోల్చుకుని, ఇంతకన్నా తగ్గేది లేదన్న అంకె మనసులో పెట్టుకోండి. టాప్ తెరిచి తిరగాలనిపించే వాతావరణం మొదలవడానికి కాస్త ముందు ప్రకటన ఇస్తే గిరాకీ బాగుంటుంది.

ఫొటోలు టాప్ వేసి, తీసి, సగం మడిచి తీయండి. వెనక కిటికీ, డోర్ల సందులు, అడుగు భాగం, ఇంజన్, డిక్కీ కూడా ఉండాలి. గీతలు, చిరుగులు దగ్గరగా చూపించండి. లోపం ముందే తెలిసి వచ్చినవాళ్లు దాని పేరు చెప్పి మళ్లీ బేరం మొదలెట్టరు. రిజిస్ట్రేషన్ పత్రం ఫొటో మాత్రం ఎక్కడా పెట్టకండి, దొంగ కారుకు ఆ వివరాలు తగిలించే మోసాలు ఉన్నాయి.

6. చూపించే రోజు

ఇంజన్‌ను ముందే వేడి చేసి ఉంచకండి. తెలిసినవాళ్లు వస్తూనే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. చోక్ లాగి చల్లటి ఇంజన్‌ను వాళ్ల ముందే స్టార్ట్ చేయండి. లైసెన్సు చూసి, వేరేవాళ్లు నడిపినా మీ ఇన్సూరెన్సు వర్తిస్తుందని తేల్చుకున్నాకే స్టీరింగ్ ఇవ్వండి. మొదట మీరు నడిపి చూపించి, తర్వాత వాళ్లకివ్వండి. టాప్‌ను మీరే ఒకసారి విప్పి, వేసి చూపించండి. పద్ధతి తెలియనివాళ్లు బలంగా లాగితే ఫ్రేమ్ వంగుతుంది.

7. డబ్బు, అప్పగింత

డబ్బు మీ ఖాతాలో పడిందని మీరే బ్యాంకులో నిర్ధారించుకునేదాకా తాళాలు గానీ, ఒరిజినల్ పత్రాలు గానీ చేతికివ్వకండి. స్క్రీన్‌షాట్ చూపించినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. కారు చూడకుండానే అడిగినంతా ఇస్తామనేవాళ్లు, ఎక్కువ మొత్తం పంపి మిగిలింది రవాణా ఏజెంటుకు కట్టమనేవాళ్లు ఎదురైతే అక్కడితో మాట ఆపేయండి.

అమ్మకపు ఒప్పందం రెండు ప్రతులు రాయండి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు, ఓడోమీటర్ రీడింగ్, మొత్తం, తేదీతో పాటు సమయం, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నారన్న మాట, మీరు చెప్పిన లోపాలు అన్నీ అందులో ఉండాలి. ఇద్దరూ సంతకం చేయాలి. టాప్ కవరు, టూల్ కిట్, రెండో తాళం, విడిగా హార్డ్‌టాప్ ఉంటే అదీ జాబితాలో చేర్చండి.

కారు వెళ్లిన రోజే యాజమాన్య మార్పిడిని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలియజేయండి. ఆ రసీదు అందాకే ఇన్సూరెన్సు రద్దు చేయించండి. ఒప్పందం, రసీదు కాపీలు దాచుకోండి, పాత తేదీల్లో జరిమానా నోటీసు ఏదైనా వస్తే అవే మీకు ఆధారం.