తుపాను తర్వాత ఊరి ఇళ్లను నిలబెట్టడంలో ఆర్కిటెక్ట్ ఎలా సాయపడాలి?

తుపాను తీరం దాటిన వారం పది రోజులకే ఊళ్లో సుత్తుల చప్పుడు మొదలవుతుంది. ఎగిరిపోయిన రేకుల్ని పొలాల్లోంచి ఏరుకొచ్చి, ఏ బిగింపు ఊడిందో మళ్లీ అదే బిగింపు వేసేస్తారు. ఆర్కిటెక్ట్ అవసరం అప్పుడే. కొత్త కాలనీ ప్లాను ఆర్నెల్ల తర్వాతైనా గీసుకోవచ్చు. కింద రాసినవి కోస్తా ఆంధ్రలోని ఒకే అంతస్తు ఇళ్లకి, అంటే మట్టి, ఇటుక గోడల మీద రేకు, పెంకు, తాటాకు కప్పున్న వాటికి పనికొస్తాయి.

ముందు అనుమతి, ఆపైన సర్వే

మొదటి రెండు మూడు రోజులు సహాయక బృందాలవి, అడ్డం వెళ్లకండి. ఆ తర్వాత తహసీల్దారుకి చెప్పి, గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని వెంటబెట్టుకుని దిగండి. 30 మీటర్ల టేపు, తూకం గుండు, రసమట్టం, టార్చి, రంగు డబ్బా ఉంటే చాలు. ఊళ్లోని ఒక తాపీమేస్త్రిని తప్పకుండా తీసుకెళ్లండి. ఏ గోడ ఎప్పుడు కట్టారో, లోపల ఏం వాడారో ఆయనకే తెలుసు.

కరెంటు తీసేశారని రూఢి చేసుకుని, ముందు ఇంటి చుట్టూ బయటే తిరగండి. 9 అంగుళాల గోడ తూకం గుండుకి ఒక అంగుళం మించి వాలితే లోపలికి అడుగు పెట్టొద్దు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగిన పగులు గోడకి రెండు వైపులా కనిపిస్తూ, 5 మి.మీ. మించి వెడల్పుంటే పూత పూసి వదిలేయడం కుదరదు. పునాది కింద మట్టి కోసుకుపోయిందేమో ఒక కర్ర గుచ్చి చూడండి.

మట్టి గోడలతో ఇంకాస్త జాగ్రత్త. వరద నిలిచినప్పుడు నిలబడ్డ గోడ, నీళ్లు తీశాక కూలొచ్చు. అడుగున రెండడుగులు నాని మెత్తబడి ఉంటుంది, పైనున్న బరువు మాత్రం ఏమీ తగ్గదు. నీళ్లు తీసేశాయని ఆ రాత్రే ఇంట్లో పడుకోనివ్వకండి.

చూసిన ప్రతి ఇంటికీ ఒక రంగు గుర్తు వేయండి: ఆకుపచ్చ అంటే ఉండొచ్చు, పసుపు అంటే సామాన్లు తెచ్చుకోవడానికి మాత్రమే, ఎరుపు అంటే వెళ్లకూడదు. ఈ గుర్తు నష్టపరిహారం లెక్క కాదని గడప గడపకీ చెప్పాలి. చెప్పకపోతే ఎరుపు కోసం పోట్లాటలు మొదలవుతాయి. మరమ్మతు మొదలెట్టకముందే ఇంటి నంబరు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీసిపెట్టండి. లెక్కింపు వాళ్లు వచ్చేసరికి సాక్ష్యం చెరిగిపోకూడదు. పట్టా లేనివాళ్లనీ, అద్దెకున్నవాళ్లనీ కూడా జాబితాలో రాయండి, ఎప్పుడూ జారిపోయేది వాళ్లే.

జేసీబీ శిథిలాల్ని ఎత్తుకుపోకముందే దూలాలు, పెంకులు, ఇటుకలు విడివిడిగా పోగుపెట్టించండి.

పైకప్పు ఎందుకు లేస్తుంది?

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌లో గాలి గంటకు 170-180 కిలోమీటర్లు. అంత గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. కప్పు మీంచి జారేటప్పుడు ఆ గాలి రేకుని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. రేకు బరువేమో చదరపు మీటరుకి అయిదు కిలోల లోపే. గాలి వైపు తలుపు పగిలిందంటే లోపలినుంచి కూడా తోస్తుంది. అందుకే చూరు, మూలలు, నడికొప్పు ముందు పోతాయి.

రేకు దొరకనంత దూరం పోతే బిగింపు తప్పు. వాసాలతో సహా కప్పంతా పక్కింటి మీద పడితే గోడకీ కప్పుకీ మధ్య అతుకు తప్పు. ఈ రెండో రకమే ఎక్కువ ప్రమాదం, పట్టించుకునేవాళ్లు తక్కువ. వాసాన్ని గోడ మీద ఊరికే ఆనించి ఇటుక ముక్కలు కూరుతారు, లేదా బోల్టుని పైవరసలో మాత్రమే పాతుతారు. 9 అంగుళాల గోడలో ఒక వరస ఇటుకల బరువు మీటరు పొడవుకి 35 కిలోలు కూడా ఉండదు, కప్పుతో పాటే లేచిపోతుంది. అదే గోడ మూడడుగుల ఎత్తు పట్టుకుంటే 400 కిలోల దాకా బరువు దొరుకుతుంది.

కాబట్టి 12 మి.మీ. కడ్డీని మూడడుగుల లోతుకి దింపి, చుట్టూ కాంక్రీటు పోయాలి. ఉన్న ఇంటికైతే పైనుంచి మూడడుగుల కింద గోడకి బెజ్జం వేసి అడ్డంగా కడ్డీ దూర్చండి. 4 మి.మీ. జీఐ (జింకు పూత పూసిన ఇనుప) తీగ రెండు పేటలు మెలేసి, వాసాన్ని దానికి కట్టండి. ఖర్చు తక్కువ, మేస్త్రి ఒక పూటలో నేర్చుకుంటాడు.

రేకుకి 8 మి.మీ. జే బోల్టులు (ఇంగ్లిష్ J అక్షరంలా ఒక కొస వంగినవి) ముడత ఎత్తు మీదే వేయాలి, పల్లంలో వేస్తే కారుతుంది. మధ్యలో మూడు ముడతలకొకటి, చూరు వెంబడీ కొప్పు దగ్గరా రెండు ముడతలకొకటి. వాషరు లేని బోల్టు చుట్టూ రేకు చిరిగి, బోల్టు ఒక్కటే మిగులుతుంది. కప్పు వాలు 22 నుంచి 30 డిగ్రీలు, చూరు ఒకటిన్నర అడుగు మించకుండా ఉండాలి. నాలుగు వైపులా వాలిన కప్పు రెండు వాలులదానికంటే గాలికి బాగా ఆగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు నిలవడానికి గుండ్రని గోడా, కిందికి దిగిన చూరూ కారణం. అలాగని డాబా కోరుకునే కుటుంబానికి చుట్టిల్లు అంటగట్టడం ఆర్కిటెక్ట్ సరదా అవుతుంది, సాయం కాదు.

ఇవన్నీ కాగితం మీద చూపిస్తే ఎవరూ చూడరు. ఊరి మధ్యలో ఒక ఇంటి మూలని పూర్తి సైజులో కట్టించండి, పది పదిహేను మంది మేస్త్రులు తమ చేత్తో బిగించి చూడాలి.

కొత్తగా కడితే

ప్లాను గీసే ముందు నేల మీద ముగ్గు పోయండి. ఇంటావిడ పొయ్యి ఎక్కడో, మంచం ఎక్కడో నిలబడి చూపిస్తుంది. మత్స్యకారుల ఇంటికి వలలు పెట్టే చోటు లేకపోతే వరండానే గదిగా మూసేస్తారు. 1993 లాతూరు భూకంపం తర్వాత ఊళ్లకి ఊళ్లని మార్చి వరసలుగా కట్టిన చోట్ల ఇలాంటి ఇబ్బందులే వచ్చాయి.

పునాది ఎత్తుకి పెద్దవాళ్లని అడగండి. ఎప్పుడూ చూడనంత నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో స్తంభం మీద గీత గీసి, అంతకు రెండడుగులు పైకి కట్టండి. అయితే 1977 దివిసీమ ఉప్పెనలో కెరటం దాదాపు అయిదు మీటర్లు లేచింది. దానికి పునాది ఎత్తు జవాబు కాదు, తుపాను షెల్టరే దిక్కు. షెల్టరుకి వెళ్లే దారి నీట మునగకుండా చూడాలి.

లింటెల్ మట్టంలో, అంటే తలుపులు, కిటికీల పై అంచు దగ్గర, గోడల చుట్టూ కాంక్రీటు పట్టీ తప్పదు: 75 మి.మీ. మందం, 10 మి.మీ. కడ్డీలు రెండు, 150 మి.మీ.కొక 6 మి.మీ. రింగు. మూలలో కడ్డీని తెంపేయకుండా వంచి, పక్కగోడలోకి ఒకటిన్నర అడుగు నడపాలి. సముద్రపు ఇసుకా, ఉప్పునీళ్లూ కాంక్రీటు దరిదాపులకి రానివ్వకండి, అయిదారేళ్లకే కడ్డీ తుప్పుపట్టి పెచ్చులు రాలతాయి.

ఇల్లు కట్టుకోవడానికి సాయంగా ఇచ్చే డబ్బు విడతలుగా వస్తే ప్రతి విడతకీ ఒక తనిఖీ పెట్టొచ్చు. 2001 గుజరాత్ భూకంపం తర్వాత చాలా కుటుంబాలు ఇలా సొంతంగానే కట్టుకున్నాయి. పునాదిలో ఒకసారి, కాంక్రీటు పోయకముందు ఇనుము ఉన్నప్పుడు ఒకసారి, కప్పు ఎక్కాక ఒకసారి వెళ్లండి. ఇనుము కప్పేశాక వెళ్తే చూడ్డానికేమీ ఉండదు.

ఊరు వదిలే ముందు ఇద్దరు మేస్త్రులకి ఒక స్పానరూ, ఇళ్ల జాబితా ఇచ్చి రండి. ఏటా ఏప్రిల్‌లో, మళ్లీ సెప్టెంబరులో బోల్టులు బిగించి, ఎండకి చిట్లిన వాషర్లు మార్చాలి. సముద్రానికి దగ్గరున్న వరస ఇళ్లలో తీగలకి తుప్పు త్వరగా పడుతుంది, అక్కడినుంచే మొదలెట్టమనండి.