గ్రేడెడ్ వెండి రూపాయల సెట్: బేరానికి ముందు జాగ్రత్తలు

గ్రేడెడ్ అంటే, నాణెం అసలుదో కాదో పరీక్షించి, స్థితిని బట్టి గ్రేడు వేసి, లేబుల్‌తో ప్లాస్టిక్ డబ్బాలో మూసినది. బ్రిటిష్ రాజు ఐదో జార్జి రూపాయల సెట్టునే తీసుకుందాం. ఒక్కోటి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం, అంటే అసలు వెండి సుమారు 10.69 గ్రాములు. ఆ రోజు గ్రాము ధరతో గుణించి కాగితం మీద రాసుకోండి. ధర దీని కిందికి దిగదు, పైన పలికేదంతా అరుదుకీ గ్రేడుకీ. (1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయి కలిస్తే జాగ్రత్త, దాంట్లో వెండి సగమే.)

• డబ్బా మీది సర్టిఫికెట్ నంబరును గ్రేడు ఇచ్చిన సంస్థ (ఎన్‌జీసీ లేదా పీసీజీఎస్) సైట్‌లో కొట్టి చూడండి. నంబరు దొరికితే చాలదు. నకిలీ డబ్బాలవాళ్లు అసలు నంబర్లే వాడతారు. అక్కడ ఫొటో ఉంటే గీతలూ మచ్చలూ చేతిలోని నాణెంతో ఒక్కొక్కటిగా పోల్చండి. డబ్బా అంచు విప్పి అంటించినట్టుంటే వదిలేయండి.

• లేబుల్‌పై "డీటెయిల్స్" (లోపం ఉంది), "క్లీన్‌డ్" (తోమేశారు) అని ఉంటే ఎమ్మెస్ 63 (వాడకంలో అరగని నాణేనికిచ్చే గ్రేడు) ధర అడగనివ్వకండి.

• సెట్ మొత్తానికి ఒకే అంకె ఒప్పుకోవద్దు. విడివిడిగా ధర కట్టి కూడండి. సెట్టు విలువలో పెద్ద వాటా సాధారణంగా 1911 నాణెంది: రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవై, 1912లో బొమ్మ మార్చారు. మిగతావి చాలావరకు మామూలువే.

• అమ్మేవాళ్లు చెప్పే ధరలు కాదు, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. అదే గ్రేడువి, ఈమధ్యవి.

• వందేళ్లు దాటినవి పురావస్తువుల కిందికొస్తాయి, దేశం దాటించనివ్వరు. విదేశాల్లోని కొడుక్కి పంపే ఉద్దేశంతో కొనకండి.

• అడ్వాన్స్ ఇచ్చేముందు, నకిలీ తేలితే వాపసు అన్న మాట రసీదులో రాయించుకోండి.